సర్ఫింగ్‌లో అల మీద హక్కు, నీటి మర్యాదలు

సర్ఫింగ్ చేసేవారు నీటిలో ఒకరినొకరు ఢీకొనకుండా, ఒకే అల కోసం కొట్లాడుకోకుండా పాటించే కట్టుబాట్లను సర్ఫింగ్ మర్యాదలు అంటారు. వీటికి మూలం ఒక్కటే. అల మొదట విరిగే చోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వారిది, మిగిలినవాళ్ళు ఆగిపోవాలి. పోటీల సంగతి పక్కన పెడితే, ఈ కట్టుబాట్లకు చట్టం లేదు, అమలు చేసే అధికారీ లేడు. అయినా కాలిఫోర్నియా నుంచి బాలి దాకా, సిడ్నీ నుంచి చెన్నై దగ్గరి కోవళం దాకా ఇవి దాదాపు ఒకే రూపంలో చెల్లుతున్నాయి. అందుకు కారణం మనుషుల మంచితనంలో కంటే అల ఆకారంలోనే ఎక్కువ ఉంది. ఒక అల మీద, ఒక దిశలో, బోర్డుకు సరైన వేగం దొరికే చోటు ఒక్కరికే సరిపోతుంది.

అల విరిగే తీరు

సముద్రం నడిమధ్యలో గాలులు లేపిన అలలు వందల, వేల కిలోమీటర్లు ప్రయాణించి తీరానికి చేరతాయి. లోతు తగ్గేకొద్దీ అల అడుగుభాగం నెమ్మదిస్తుంది, పైభాగం నిటారుగా లేస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు పడిపోయేసరికి పైభాగం ముందుకు తూలి విరుగుతుంది. నేల అంతటా ఒకే మట్టంలో ఉంటే అల మొత్తం ఒకేసారి కూలిపోతుంది. అలాంటి అల సర్ఫింగ్‌కు పనికిరాదు. ఇసుక దిబ్బో, పగడపు గట్టో, రాతి కొసో ఏటవాలుగా ఉన్నప్పుడు అల ఒక చోట విరగడం మొదలై, అక్కడి నుంచి పక్కకు వరసగా విరుగుతూ పోతుంది. మొదట విరిగే ఆ చోటే పీక్. ఇంకా విరగని నునుపైన భాగం షోల్డర్. విరిగిన నురుగుకు ఆనుకుని, అన్నిటికంటే నిటారుగా ఉండే కొద్దిపాటి జాగాను పాకెట్ అంటారు. సర్ఫర్‌కు కావలసిన వేగమంతా అక్కడే దొరుకుతుంది. పాకెట్ పక్కకు కదులుతూ పోతుంటే సర్ఫర్ దాన్ని విడవకుండా వెంట సాగాలి.

కుడి అల, ఎడమ అల అనేవి అల ఎక్కి ఒడ్డు వైపు చూస్తున్న సర్ఫర్ లెక్కలో చెప్పే మాటలు. ఒడ్డున కూర్చుని చూసేవారికి కుడి అల ఎడమకు పరుగెత్తుతున్నట్టు కనబడుతుంది. కొత్తవాళ్ళు తికమకపడే మొదటి విషయం ఇదే. నీటిలోకి దిగకముందే దీన్ని అలవాటు చేసుకోవాలి. ఎవరైనా “లెఫ్ట్!” అని అరిస్తే అది ఏ వైపో ఆలోచించుకునేంత సమయం అల ఇవ్వదు.

తీరాన్ని బట్టి హక్కు తేల్చుకోవడం సులువో కష్టమో అవుతుంది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూమి కొస వెంబడి విరిగే అలను పాయింట్ బ్రేక్ అంటారు. అక్కడ పీక్ ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కాబట్టి వరస సహజంగానే ఏర్పడుతుంది. పగడపు దిబ్బల మీద కూడా దాదాపు అంతే. ఇసుక తీరాల్లో మాత్రం దిబ్బలు జరుగుతుంటాయి, పీక్ కూడా వాటితోపాటు మారిపోతుంది. ఒక అల ఇక్కడ విరిగితే తరవాతిది ముప్పై గజాల అవతల విరగవచ్చు. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇలాంటి చోట్లే.

మొదటి హక్కు ఎవరిది

సర్ఫర్లు అల కోసం బోర్డుల మీద కూర్చుని ఎదురుచూసే చోటిని లైనప్ అంటారు. అల వస్తున్నప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకేసారి చేతులు వేస్తూ దాన్ని అందుకోబోతారు. అప్పుడు పీక్‌కు అతి దగ్గరగా, అంటే లోపలి వైపు ఉన్నవారికే హక్కు. షోల్డర్ వైపు ఉన్నవారు వెనక్కి చూసుకుని ఆగిపోవాలి. చూసుకోకుండానో, చూసి కూడానో అల ఎక్కేస్తే దాన్ని డ్రాప్ ఇన్ అంటారు. సర్ఫింగ్‌లో ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

అది ఎందుకంత పెద్ద తప్పో నీటి మట్టం నుంచి చూస్తే తెలుస్తుంది. హక్కున్న సర్ఫర్ పాకెట్‌లో వేగంగా పక్కకు వస్తున్నాడు. అతని ముందు నాలుగైదు గజాల దూరంలో మరొకడు అల పైఅంచు నుంచి కిందికి దిగాడు. దిగినవాడి బోర్డు మొదటివాడి దారికి అడ్డంగా పడుతుంది. బోర్డు వెనక లేచే నీటి చారలు అప్పటిదాకా నునుపుగా ఉన్న అల ముఖాన్ని గతుకులు చేస్తాయి. ఇక మొదటివాడు ఒడ్డు వైపు నేరుగా తిప్పి నురుగులో చిక్కుకోవాలి, లేదా అల మీదుగా వెనక్కి దూకాలి, లేదా ఢీకొట్టాలి. ముందున్నవాడు పడిపోతే అతని బోర్డు గాలిలో తిరగబడి, కింద ఉన్న పదునైన ఫిన్‌లు వెనకున్నవాడి ముఖం ఎత్తుకు వస్తాయి. సర్ఫింగ్ గాయాల్లో ఎక్కువ భాగం బోర్డు తగలడం వల్లే జరుగుతాయి. సొరచేపల గురించి సినిమాలు ఎంత భయపెట్టినా, సర్ఫర్‌కు అసలు గండం తన బోర్డు, పక్కవాడి బోర్డు.

నియమం సరళమే గానీ అంచుల దగ్గర కొన్ని చిక్కులున్నాయి. పీక్ నుంచి అల రెండు వైపులా సమంగా విరుగుతుంటే ఇద్దరు ఎక్కవచ్చు, ఒకరు కుడికి, ఒకరు ఎడమకు. ఎటు వెళ్తున్నారో ముందుగా గట్టిగా చెప్పడం ఆచారం. లోపలి వైపు ఉన్నవాడు అల ఎక్కలేక పడిపోతే, లేదా విరిగిన నురుగు వెనక చిక్కుకుని ఇక బయటపడే వీలు లేకపోతే, అల మళ్ళీ అందరిదీ అవుతుంది. అయితే అతను నిజంగా చిక్కుకున్నాడా, బయటపడగలడా అన్నది పక్కవాడు అరక్షణంలో తేల్చుకోవలసిన విషయం. నేర్పున్న సర్ఫర్ పది గజాల నురుగును దాటి మళ్ళీ అల ముఖం మీదికి వస్తాడు. అందుకే అనుభవజ్ఞులు ఎదుటివాడి సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. సందేహం ఉంటే ఆగడమే మంచిది. అల మళ్ళీ వస్తుంది.

ముందు నిలబడినవాడిదే అల అనే వాదం కూడా ఉంది. కాలిఫోర్నియాలోని శాంటా క్రజ్‌లో సర్ఫర్ల కోసం పెట్టిన నియమాల బోర్డు అల మీద మొదట ఉన్నవారికే హక్కు అని చెబుతుంది. ఈ పద్ధతి పొడవైన బోర్డులవారికి అనుకూలం. తొమ్మిది అడుగుల లాంగ్ బోర్డు తేలే శక్తి ఎక్కువ కాబట్టి అల ఇంకా నిటారు కాకముందే, బాగా వెలుపలే దాన్ని అందుకుంటుంది. ఆరడుగుల షార్ట్ బోర్డు మీద ఉన్నవాడు అల విరిగే క్షణం దాకా ఆగాలి. ముందు నిలబడడమే కొలమానమైతే షార్ట్ బోర్డువాళ్ళకు రోజంతా ఒక్క అల కూడా దక్కకపోవచ్చు. పీక్‌కు దగ్గరగా ఉన్నవాడిదే హక్కు అన్న నియమం ఎక్కువ చోట్ల గెలవడానికి ఇదొక కారణం. దీనికి జతగా మరో మాట కూడా చెప్పుకుంటారు. లాంగ్ బోర్డో, నిలబడి తెడ్డు వేసే స్టాండప్ ప్యాడిల్ బోర్డో ఉన్నవాడు ప్రతి అలనూ అందుకోగలిగినా అన్నీ అందుకోకూడదు. హక్కును పూర్తిగా వాడుకున్నవాడికి కూడా లైనప్‌లో చెడ్డపేరు వస్తుంది.

అందుకే పీక్ నియమానికి వంతు అనే రెండో నియమం తోడైంది. ఒక అల మీద వెళ్ళి తిరిగి వచ్చినవాడు వరస చివర చేరాలి. అలా కాకుండా ఎదురుచూస్తున్నవారి చుట్టూ తిరిగి, అల రాబోయే సమయానికి వారికంటే లోపలి వైపుకు చేరి హక్కు నాదే అనేవాళ్ళుంటారు. దీన్ని స్నేకింగ్ అంటారు. పీక్ నియమం ప్రకారం చూస్తే వాళ్ళు తప్పేమీ చేయలేదు. తోటివారి దృష్టిలో మాత్రం డ్రాప్ ఇన్ చేసినవాడి కంటే వీళ్ళే హీనం. డ్రాప్ ఇన్ పొరపాటున కూడా జరుగుతుంది, స్నేకింగ్ తెలిసి చేసేదే.

వెలుపలికి వెళ్ళేటప్పుడు

కొత్తవాళ్ళు డ్రాప్ ఇన్ గురించి వినే ఉంటారు. లైనప్‌కు వెళ్ళే దారిలో జరిగే తప్పుల గురించి మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. అలలు విరగని లోతైన పాయ ఒకటి చాలా తీరాల్లో పక్కన ఉంటుంది. చుట్టూ తిరిగి దాని గుండా వెళ్ళాలి గానీ సర్ఫర్లు అల మీద వస్తున్న దారికి అడ్డంగా ఈదకూడదు. తప్పనిసరై మధ్యలో చిక్కుకుని, ఎదురుగా ఒకరు అల మీద వస్తుంటే, వారి ముందున్న నునుపైన షోల్డర్ వైపుకు తప్పించుకోవాలని మనసు లాగుతుంది. అది తప్పు. వచ్చేవారి వెనక ఉన్న నురుగు వైపుకే వెళ్ళాలి. నురుగు ముఖాన కొడుతుంది, పది గజాలు వెనక్కి తోస్తుంది. ఆ దెబ్బ తినడం చేతులు వేస్తూ వెలుపలికి వెళ్ళేవారి బాధ్యత. దీనికంటే ప్రమాదం ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక అటూ ఇటూ కదలడం. అల మీద ఉన్నవారు మీ కదలికను చూసే తమ దారి నిర్ణయించుకుంటారు. కాబట్టి ఒక దిశ ఎంచుకుని దానికే కట్టుబడాలి, లేదా కదలకుండా ఉండాలి.

నురుగు మీదికి వస్తుంటే బోర్డును వదిలేసి నీటిలో మునగడం కొత్తవాళ్ళకు అలవాటు. బోర్డును కాలికి కట్టే తాడు, అంటే లీష్, ఉంది కదా అన్న ధీమా. తొమ్మిదడుగుల బోర్డుకు సాధారణంగా తొమ్మిదడుగుల లీష్ కడతారు. రెండూ కలిపితే పద్దెనిమిది అడుగులు. వదిలేసిన బోర్డు అంత దూరం వెనక్కి దూసుకెళ్తుంది, లీష్ సాగితే ఇంకా ఎక్కువ. ఆ పరిధిలో వెనక వస్తున్నవారి తల ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. షార్ట్ బోర్డుతో అయితే ముక్కు కిందికి నొక్కి అల కిందుగా దూరాలి. పెద్ద బోర్డుతో అయితే బోర్డును పట్టుకునే తలకిందులుగా తిరిగి, నురుగు దాటాక మళ్ళీ తిరగాలి. ఈ రెండింట్లో ఏదీ రాకపోతే లైనప్‌కు వెళ్ళడానికి ఇంకా సమయం రాలేదని అర్థం.

లీష్ చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1970ల మొదట్లో శాంటా క్రజ్‌లో, వెట్‌సూట్ వ్యాపారి జాక్ ఓనీల్ కుమారుడు పాట్ ఓనీల్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తొలి లీష్‌లు ఆస్పత్రుల్లో వాడే రబ్బరు గొట్టంతో చేసినవి, విపరీతంగా సాగేవి. 1971లో అలాంటి లీష్ లాగిన బోర్డు ఎదురు తిరిగి తగలడంతో జాక్ ఓనీల్ ఎడమ కన్ను పోయింది. ఆ తరవాత ఆయన కంటికి కట్టిన నల్ల పట్టీయే ఆయన గుర్తుగా మిగిలింది. అంతకు ముందు పడిపోయినవాడు ఒడ్డు దాకా ఈది బోర్డు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఈత సరిగా రానివాడు, పదేపదే పడిపోయేవాడు లైనప్‌లో ఎక్కువసేపు ఉండలేకపోయేవాడు. లీష్ ఆ వడపోతను తీసేసింది. దారితప్పిన బోర్డులు ఒడ్డున ఉన్నవారికి తగలడం తగ్గింది, లైనప్‌లో జనం పెరిగారు. నీటి మర్యాదల అవసరం అంతకంతకూ పెరగడంలో ఈ చిన్న తాడు పాత్ర పెద్దదే.

కపు నుంచి మాలిబు దాకా

అల మీద హక్కు అనే ఆలోచన ఆధునికులది కాదు. హవాయి ద్వీపాల్లో సర్ఫింగ్ సమాజమంతా ఆడేది. కానీ నిషేధాలూ విధులూ కలిసిన కపు వ్యవస్థలో అలీఇ అనే ప్రభువర్గానికి ప్రత్యేకమైన తీరాలుండేవి. అక్కడ సామాన్యులు దిగకూడదు. బోర్డుల్లోనూ తేడాలుండేవి. తేలికైన విలివిలి కలపతో చేసిన పొడవైన ఓలో బోర్డులు ప్రభువులవి, పొట్టిగా పలచగా ఉండే అలాయా బోర్డులు అందరివి. పాకీ అనే ప్రభువు వాడిన భారీ ఓలో బోర్డులు హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ఉన్నాయి. అప్పటి హక్కు నీటిలో ఎవరు ఎక్కడ ఉన్నారన్న దాన్ని బట్టి కాక ఎవరు ఏ వంశంలో పుట్టారన్న దాన్ని బట్టి వచ్చేది. 1819లో కపు వ్యవస్థ రద్దయింది, మరుసటి ఏడాది క్రైస్తవ మిషనరీలు వచ్చారు. ఆ తరవాతి దశాబ్దాల్లో రోగాలతో హవాయి జనాభా కుప్పకూలింది, దానితోపాటు సర్ఫింగూ సన్నగిల్లింది.

దాన్ని ప్రపంచానికి తిరిగి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు డ్యూక్ కహనమోకు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచిన ఈ హవాయి వీరుడు 1914–15 వేసవిలో సిడ్నీ దగ్గరి ఫ్రెష్‌వాటర్ తీరంలో సర్ఫింగ్ చేసి చూపించాడు. ఆ రోజుల్లో బోర్డులు బరువైనవి. చాలామంది అల మీద నేరుగా ఒడ్డుకు వచ్చేవారు, అందువల్ల ఒకే అల మీద పక్కపక్కన పదిమంది ఉన్నా పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ఒకే అలను నవ్వుకుంటూ పంచుకునే ఆ పద్ధతిని ఇప్పుడు పార్టీ వేవ్ అంటారు. హవాయిలోని వైకీకీ లాంటి చోట్ల మెల్లని అలల మీద ఇప్పటికీ అది కనిపిస్తుంది.

లాస్ ఏంజెలెస్ దగ్గరి మాలిబులో పరిస్థితి మారింది. మాలిబు అల పొడవుగా, కుడివైపుకు వరస తప్పకుండా విరుగుతుంది. 1957లో వచ్చిన గిడ్జెట్ నవల, 1959లో దాని ఆధారంగా తీసిన సినిమా తరవాత ఆ తీరం జనంతో నిండిపోయింది. అక్కడి మేటి సర్ఫర్ మికీ డోరా తన దారికి అడ్డొచ్చినవారిని అల మీదే తోసేసేవాడు. 1967 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో మొదలైన షార్ట్ బోర్డు మార్పు పంచుకోవడానికి మిగిలిన కాస్త అవకాశాన్నీ తీసేసింది. పొట్టి బోర్డు అల ముఖం మీద పైకీ కిందికీ మలుపులు తిరుగుతుంది, దానికి అల మొత్తం కావాలి. ఒక అల, ఒక సర్ఫర్ అన్న నియమం ఇప్పుడున్నంత కఠినంగా స్థిరపడింది ఆ తరవాతే.

రాతలోకి రావడం ఇంకా ఆలస్యమైంది. 1980ల మధ్యలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్ దగ్గర రాబర్ట్ కనీలీ అనే సర్ఫర్ ఈ కట్టుబాట్లను బొమ్మలతో సహా ఒక ఫలకం మీదికి తెచ్చాడు. అలాంటి ఫలకాలు తరవాత చాలా తీరాల్లో వెలిశాయి. అయినా ఫలకం చదివి నేర్చుకున్నవాళ్ళు తక్కువ, నీటిలో తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ.

స్థానికుల పెత్తనం

అమలు చేసే అధికారి లేనప్పుడు ఆ పనిని ఎవరో ఒకరు భుజాన వేసుకుంటారు. సర్ఫింగ్‌లో దాన్ని లోకలిజం అంటారు. ఆ తీరంలో పుట్టి పెరిగినవారికి కొంత మన్నన ఇవ్వడం అన్ని చోట్లా ఉన్నదే. కొత్తగా వచ్చినవాడు నేరుగా పీక్ మీదికి వెళ్ళకుండా పక్కన కూర్చుని, వరస చూసి, చిన్న అలలతో మొదలుపెడతాడు. ఇంతవరకు అది మర్యాద. దాన్ని దాటితే రౌడీయిజం.

రెండింటికీ ఉదాహరణలున్నాయి. 1975 శీతాకాలంలో హవాయిలోని ఒవాహు ద్వీపం ఉత్తర తీరాన ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా యువకులు పోటీల్లో దుమ్ము రేపారు. వారిలో ఒకడైన వేన్ బార్తొలోమ్యూ ఆ గెలుపును గొప్పగా చెప్పుకుంటూ పత్రికలో రాశాడు. సముద్రానికీ ఆ నేల మనుషులకూ ఇవ్వాల్సిన గౌరవం ఆ రాతలో లేదని హవాయివారికి అనిపించింది. 1976లో అతను తిరిగి వచ్చినప్పుడు నీటిలోనే చితకబాదారు. వైమియా బే మొదటి లైఫ్‌గార్డు, అందరి గౌరవం పొందిన ఎడ్డీ ఐకౌ మధ్యవర్తిగా నిలబడి ఇరు పక్షాలనూ కూర్చోబెట్టి గొడవ సద్దుమణిగేలా చేశాడు. హవాయివారి కోపం వెనక తమ భూమి, తమ రాజ్యం చేజారిన చరిత్ర ఉంది. దాన్ని ఉత్త అలల తగాదాగా చూడడం న్యాయం కాదు.

కాలిఫోర్నియాలోని లునాడా బే కథకు అలాంటి సమర్థన ఏదీ లేదు. సంపన్నులుండే పాలోస్ వెర్డెస్ ఎస్టేట్స్ అంచున ఉన్న ఈ అఖాతంలో దశాబ్దాల పాటు బే బాయ్స్ అనే స్థానికుల గుంపు బయటివారిని దిగనివ్వలేదు. కొండ మీది నుంచి రాళ్ళు రువ్వారు, కార్ల టైర్లు కోశారు. తీరం ప్రజలందరిదీ అని కాలిఫోర్నియా చట్టం చెబుతున్నా పట్టించుకున్నవారు లేరు. 2016లో ఆ గుంపు మీద, నగరపాలక సంస్థ మీద ఫెడరల్ కోర్టులో దావా పడింది. ఒడ్డున వాళ్ళు కట్టుకున్న రాతి స్థావరాన్ని అదే ఏడాది కూల్చేశారు. 2024లో నగరం రాజీకి వచ్చింది. ఆస్ట్రేలియాలో ప్రపంచ చాంపియన్ నాట్ యంగ్ అంతటివాడు 2000లో తన సొంత తీరం ఆంగౌరీలోనే నీటి గొడవ ముదిరి తీవ్రంగా దెబ్బలు తిన్నాడు. సర్ఫ్ రేజ్ అనే పుస్తకం ఆ అనుభవం నుంచే వచ్చింది.

అర్థశాస్త్రజ్ఞులకు ఇది ఆసక్తికరమైన విషయం. డేనియల్ కఫీన్ 2009లో ప్రచురించిన పరిశోధనలో కాలిఫోర్నియా తీరాలను పోల్చి, అల ఎంత మేలైనదైతే స్థానికుల పెత్తనం అంత గట్టిగా ఉంటుందని చూపించాడు. అల ఉమ్మడి ఆస్తి, దాన్ని ఎవరూ నిల్వ చేయలేరు, విరిగిపోతే పోయినట్టే. చెరువు కింద ఆయకట్టులో నీటి వంతులు సాగింది కూడా ఇలాంటి ఉమ్మడి కట్టుబాటు మీదే. కాకపోతే ఊళ్ళో వంతు చూడడానికి నీరటి ఉండేవాడు, తప్పినవాడు రేపు కూడా అదే ఊళ్ళో ముఖం చూపించాలి. సర్ఫింగ్ మర్యాదలు కూడా నీటిలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు తెలిసినంత కాలం బాగానే నిలుస్తాయి. అపరిచితులు పెరిగితే సడలిపోతాయి. ఆస్ట్రేలియా గోల్డ్ కోస్ట్‌లోని స్నాపర్ రాక్స్ దీనికి మంచి నిదర్శనం. ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర పేరుకునే ఇసుకను 2001 నుంచి పంపులతో ఉత్తరానికి తరలించడంతో అక్కడ కిలోమీటరుకు పైగా సాగే అద్భుతమైన కుడి అల ఏర్పడింది. మంచి రోజున వందల మంది దిగుతారు. ఒకే అల మీద నలుగురైదుగురు ఒకరి ముందొకరు డ్రాప్ ఇన్ చేయడం అక్కడ మామూలే. నియమం తెలియక కాదు, ఆగితే ఆ రోజుకు అల దొరకదని.

పోటీల్లో ప్రయారిటీ

పోటీల్లో హక్కును జడ్జీలు చూస్తారు. ఇద్దరిద్దరుగా తలపడే పద్ధతి 1977లో క్వీన్స్‌లాండ్‌లోని బర్లీ హెడ్స్‌లో జరిగిన స్టబీస్ పోటీతో స్థిరపడింది. తరవాత ప్రయారిటీ నియమం వచ్చింది. ప్రయారిటీ ఉన్న సర్ఫర్‌కు ఏ అలనైనా ఎంచుకునే పూర్తి హక్కు ఉంటుంది. అల ఎక్కితే, లేదా ఎక్కబోయి తప్పితే ఆ హక్కు ఎదుటివారికి పోతుంది. ఎవరి వంతో ఒడ్డున రంగు గుర్తులతో చూపిస్తారు. ఒక్కో అలకు పదికి మార్కులు, మేలైన రెండు అలల మొత్తమే ఫలితం. ప్రయారిటీ ఉన్నవారికి అడ్డొస్తే రెండో మేలైన అల మార్కులకు ఎసరొస్తుంది.

నియమాన్ని అంకెల్లోకి మార్చేసరికి లెక్కలు వేసేవాళ్ళు పుట్టుకొచ్చారు. 2019 డిసెంబరులో హవాయిలోని పైప్‌లైన్‌లో జరిగిన పోటీలో బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియేల్ మెదీనా చివరి క్షణాల్లో తన దేశస్థుడే అయిన కాయో ఇబెల్లీ అల మీద కావాలని డ్రాప్ ఇన్ చేశాడు. శిక్ష పడ్డా ఒక్క అల మార్కులతోనే తాను గెలుస్తానని అతనికి తెలుసు. గెలిచాడు కూడా. ఫైనల్లో మాత్రం మరో బ్రెజిల్ సర్ఫర్ ఇటాలో ఫెరేరా చేతిలో ఓడి ప్రపంచ టైటిల్ పోగొట్టుకున్నాడు. నిబంధన ప్రకారం మెదీనా చేసింది తెలివైన పనే. ఏ మామూలు లైనప్‌లో చేసినా అతన్ని ఒడ్డుకు పంపించేవారు. సర్ఫింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది టోక్యో క్రీడలతో. 2021 జులైలో త్సురిగసాకి తీరంలో పురుషుల తొలి స్వర్ణం అదే ఫెరేరాకు, మహిళలది హవాయికి చెందిన కారిసా మూర్‌కు దక్కాయి.

భారత తీరంలో

మన దేశంలో ఆధునిక సర్ఫింగ్‌కు తొలి కేంద్రాల్లో ముఖ్యమైనది కర్ణాటకలోని ముల్కి. సర్ఫింగ్ స్వామిగా పేరుపడ్డ అమెరికన్ జాక్ హెబ్నర్ ఆశ్రమం అక్కడ ఉండేది. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళంలో మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు తనంతట తాను నేర్చుకుని, ఊరి పిల్లలకు నేర్పాడు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్స్‌లో రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. కోవళం, మహాబలిపురం తీరాల్లో మేటి సర్ఫర్లు చాలామంది జాలరి కుటుంబాలవాళ్ళే. అందువల్ల అక్కడ సర్ఫింగ్ మర్యాదలు, చేపల వేట మర్యాదలు కలిసిపోయాయి.

విశాఖపట్నం దగ్గరి రుషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరం. నేర్చుకునేవారికి అనువైన ఇసుక నేల. ఇసుక దిబ్బలు కాలాన్ని బట్టి జరిగిపోతుంటాయి కాబట్టి నిన్న పీక్ ఉన్న చోట ఈ రోజు ఉండకపోవచ్చు. దిగకముందు ఒడ్డున కాసేపు కూర్చుని అలలు ఎక్కడ విరుగుతున్నాయో, నీరు ఏ పాయ గుండా సముద్రంలోకి వెనక్కి లాగుతోందో చూడాలి. అనుభవజ్ఞులైన సర్ఫర్లు వెలుపలికి వెళ్ళడానికి వాడుకునే ఆ పాయే ఈత రానివారిని లోపలికి లాక్కెళ్ళే రిప్ కరెంట్. అలల ఎత్తు, ఉధృతి గురించిన ముందస్తు సూచనలు హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, రోజూ ఇస్తుంది. ఇవి మత్స్యకారులకు ఎంత ఉపయోగమో సర్ఫర్లకూ అంతే ఉపయోగం.

అమెరికాలో సిలికాన్ వ్యాలీ తెలుగువాళ్ళకు వారాంతంలో దగ్గరగా ఉండే తీరాలు పసిఫికాలోని లిండా మార్, శాంటా క్రజ్‌లోని కవెల్స్. రెండు చోట్లా కొత్తవాళ్ళకు అనువైన మెల్లని అలలే. కవెల్స్‌కు కూతవేటు దూరంలో ఉన్న స్టీమర్ లేన్ మాత్రం ఆరితేరినవారి చోటు. నాలుగు పాఠాలు నేర్చుకున్నాక అక్కడికి వెళ్ళాలన్న సరదా ఉంటే గట్టు మీద నిలబడి చూసి రావడం మంచిది.

ఎక్కడైనా కొత్తవాళ్ళకు వర్తించే పద్ధతి ఒకటే. మొదటి వారాలు నడుము లోతు నీటిలో, విరిగిపోయిన నురుగు మీద, మెత్తటి ఫోమ్ బోర్డుతో గడపాలి. పొరపాటున ఎవరి అలనైనా పాడు చేస్తే చెయ్యెత్తి క్షమించమనాలి. ఎక్కువ మంది అక్కడితో వదిలేస్తారు. ఎవరైనా ప్రమాదంలో ఉంటే హక్కులూ వరసలూ పక్కన పెట్టి ముందు వారి దగ్గరికి వెళ్ళాలి. లైఫ్‌గార్డులు తక్కువగా ఉండే మన తీరాల్లో మునిగిపోతున్నవారిని చేరగలిగే మొదటి మనిషి తరచూ సర్ఫరే, తేలే బోర్డు అతని చేతిలోనే ఉంది.

ఉత్తరాంధ్ర తీరంలో ఏ సర్ఫింగ్ ఫలకం మీదా రాయని నియమం మరొకటి ఉంది. జాలరులు తెప్పనో పడవనో అలల మీదుగా దాటిస్తున్నప్పుడు దాన్ని చటుక్కున పక్కకు తిప్పలేరు. కాబట్టి దారి ఇవ్వాల్సింది సర్ఫరే. అలివి వల వేసినప్పుడు దాని రెండు తాళ్ళూ ఒడ్డున వందల గజాల దూరంలో రెండు బృందాల చేతుల్లో ఉంటాయి, మధ్యలో వల నీటి కింద విల్లులా వంగి ఉంటుంది. పైనుంచి చూస్తే అక్కడేమీ లేనట్టే ఉంటుంది. లీష్ గానీ ఫిన్ గానీ అందులో చిక్కుకుంటే వలా చిరుగుతుంది, మనిషీ మునుగుతాడు. వల పూర్తిగా ఒడ్డుకు చేరేదాకా ఆ రెండు తాళ్ళ మధ్య నీటిలోకి సర్ఫర్లు దిగకూడదు.